అన్న చేతి లాంతరు: జిమ్మీ, చక్ మెక్‌గిల్ సోదరుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎవరు అడిగినవి?

బెంగళూరులో మారతహళ్ళి వెనక వీధుల్లో ఉన్న మా ఇంట్లో శనివారం రాత్రి ఆరుగురం తెలుగువాళ్ళం చేరి ఏదో ఒక సిరీస్ చూడడం కొన్నేళ్ళుగా అలవాటు. నెల్లూరు, అనంతపురం, ఖమ్మం, శ్రీకాకుళం యాసలు ఒకే గదిలో పోట్లాడుకుంటాయి కనుక ఏ కథ మీదా మాకు ఏకాభిప్రాయం కుదరదు. అయినా «బెటర్ కాల్ సాల్» మూడో సీజన్ ముగింపు చూసిన రాత్రి సాగినంత వాదన ఇంకెప్పుడూ సాగలేదు; గుమ్మం ముందు పాల ప్యాకెట్లు పడిన చప్పుడు వినిపించేదాకా ఎవరూ లేవలేదు. మాలో ఒకావిడ ఇక్కడి సిటీ సివిల్ కోర్టులో న్యాయవాది, ఒకరు ఇంటికి పెద్ద కొడుకు, నేను చిన్న కొడుకును. ఎవరు ఏ పక్షాన నిలబడ్డారో వేరే చెప్పనక్కరలేదు. ఆ తరువాత ఈ సిరీస్ కొత్తగా చూసిన ప్రతి స్నేహితుడూ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నాడు కనుక జవాబులన్నీ ఒకచోట రాసి ఉంచుతున్నాను. నా చిన్నకొడుకు పక్షపాతం అక్కడక్కడా బయటపడితే మన్నించండి. ఇందులో ఆరు సీజన్ల కథా బయటపడుతుంది. చూడనివారు చూసి రావడం మంచిది.

కథ క్లుప్తంగా ఏమిటి?

విన్స్ గిలిగన్, పీటర్ గూల్డ్ సృష్టించిన ఈ సిరీస్ 2015 ఫిబ్రవరి నుంచి 2022 ఆగస్టు వరకు అమెరికాలో ఏఎంసీ చానెల్లో ఆరు సీజన్లు, 63 ఎపిసోడ్లుగా వచ్చింది. మనవాళ్ళలో చాలామంది దీన్ని నెట్‌ఫ్లిక్స్‌లో చూశారు. కథ న్యూ మెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీ నగరంలో నడుస్తుంది. చక్ మెక్‌గిల్ పెద్ద న్యాయవాద సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకడు, చట్టమంటే దైవమంత భక్తి ఉన్నవాడు. తమ్ముడు జిమ్మీ కుర్రతనంలో షికాగో దగ్గరి సిసిరోలో మంచు మీద కావాలని జారిపడి డబ్బు గుంజిన చిల్లర మోసగాడు. ఒక కేసులో జైలుకు వెళ్ళబోతున్న తమ్ముణ్ణి చక్ విడిపించి, తన సంస్థలో ఉత్తరాలు పంచే పనిలో పెట్టాడు. జిమ్మీ అక్కడ పని చేస్తూనే ఎవరికీ చెప్పకుండా దూరవిద్యలో చదివి తానూ న్యాయవాది అయ్యాడు. అన్న గర్వపడతాడని అనుకున్నాడు. అక్కడే కథ అడ్డం తిరిగింది. జిమ్మీగా బాబ్ ఓడెన్‌కర్క్, చక్‌గా మైఖేల్ మెకీన్ నటించారు.

జిమ్మీని యాంటీ హీరో అనడం సరైనదేనా?

సరైనదే, అయితే మనకు అలవాటైన కొలతలతో కొలిస్తే అతడు చేతికి చిక్కడు. డబ్బు కోసమో అధికారం కోసమో దారి తప్పిన యాంటీ హీరోలను మనం చాలామందిని చూశాము. జిమ్మీకి డబ్బు ఆశ లేదని కాదు, కానీ అతని ఘోరమైన పనుల వెనక దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరి మెప్పు కోసం తహతహ ఉంటుంది, ఆ ఎవరో ఎక్కువసార్లు చక్కే.

రెండో సీజన్ చివర జరిగిన ఒక్క సంఘటన చూస్తే ఇది తెలుస్తుంది. మెసా వెర్డె బ్యాంకు పత్రాల్లో 1261 అనే చిరునామాను జిమ్మీ రాత్రికి రాత్రి 1216గా మార్చి, అన్న కక్షిదారు ముందు తలదించుకునేలా చేశాడు. చక్ ఆ ఫోర్జరీ ఆచూకీ కోసం జిరాక్స్ దుకాణానికి వెళ్ళినప్పుడు, అక్కడి గుమాస్తా నోరు జిమ్మీ అప్పటికే డబ్బుతో మూయించాడు. అయితే వాదనలో చక్ కళ్ళు తిరిగి బల్ల అంచుకు తల తగిలి పడిపోగానే, ఎదుటి పక్క చీకట్లో నిలబడి చూస్తున్న జిమ్మీ తాను దొరికిపోతానని తెలిసి కూడా లోపలికి పరుగెత్తాడు. లంచం ఇచ్చిన చెయ్యీ అన్న తల పట్టుకున్న చెయ్యీ ఒకటే. ఈ రెంటిలో ఒకటి నిజం, రెండోది నటన అని తేల్చుకోవాలనుకునేవారికి ఈ సిరీస్ చివరిదాకా అందదు.

అన్నదమ్ముల గొడవ అసలు ఎక్కడ మొదలైంది?

కథలో బయటపడింది మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్లో. తనను సంస్థలోకి రానివ్వకుండా అడ్డుపడినవాడు భాగస్వామి హోవర్డ్ అని జిమ్మీ ఎన్నో ఏళ్ళు తిట్టుకున్నాడు. నిజానికి తెర వెనక ఉండి, ఆ మాట హోవర్డ్ నోట చెప్పించినవాడు చక్. అప్పటికే చక్ జబ్బుపడి ఉద్యోగానికి వెళ్ళడం మానేసి, కరెంటు తీసేసిన ఇంట్లో ఉంటున్నాడు. అతనికి రోజూ ఐసు, పత్రికలు, సరుకులు మోసుకొచ్చి పెట్టినవాడు జిమ్మీయే. నిలదీసినప్పుడు చక్ దాచలేదు. నువ్వు నిజమైన లాయరువు కావు, నీవంటివాడి చేతిలో చట్టం పెట్టడం కోతి చేతికి మరతుపాకి ఇచ్చినట్టే అన్నాడు. మనుషులు మారరన్నాడు.

వేర్లు మాత్రం సిసిరోలోని తండ్రి దుకాణంలో ఉన్నాయి. ఆ దుకాణం లెక్కల్లో 14,000 డాలర్ల తేడా వచ్చిందని, జిమ్మీ గల్లాపెట్టెలోంచి చిల్లర చిల్లరగా తీసిన సొమ్మే అదంతా అని, దుకాణం అమ్ముకున్న ఆరు నెలలకే తండ్రి పోయాడని జిమ్మీ ప్రేయసి, న్యాయవాది అయిన కిమ్‌కు చక్ చెబుతాడు. ఆ కథలో అతణ్ణి కాల్చేది డబ్బు లెక్క కాదు; తండ్రి అంత్యక్రియల్లో అందరికంటే గట్టిగా ఏడ్చినవాడు జిమ్మీయే అన్న మాట దగ్గర అతని గొంతు మారుతుంది. తప్పు చేసినవాడే ఏడుపులోనూ ముందుంటాడు, ఓదార్పూ అతనికే దక్కుతుంది. పద్ధతిగా బతికిన పెద్ద కొడుకును మాత్రం ఎవరూ పలకరించరు. మా గదిలోని పెద్ద కొడుకు ఆ చోట టీవీ ఆపి, తన ఇంట్లో సంక్రాంతికి ఎవరికి ముందు కొత్త బట్టలు కొనేవారో పావుగంట చెప్పాడు.

తల్లి మరణం గురించిన సన్నివేశానికి ఎందుకంత ప్రాధాన్యం?

రెండో సీజన్ ముగింపు ఆ జ్ఞాపకంతోనే తెరుచుకుంటుంది. ఆసుపత్రిలో స్పృహలేని తల్లి మంచం పక్కన ఇద్దరు కొడుకులూ మూడు రోజులుగా కూర్చుని ఉన్నారు. ఆకలేసి జిమ్మీ శాండ్‌విచ్‌లు తేవడానికి బయటికి వెళ్ళాడు, చక్ కదలలేదు. సరిగ్గా అప్పుడే తల్లి కళ్ళు తెరిచి జిమ్మీ పేరు పిలిచి ప్రాణం విడిచింది. పొట్లాలు పట్టుకుని తిరిగొచ్చిన తమ్ముడు అమ్మ ఏమైనా అన్నదా అని అడిగితే, ఏమీ అనలేదని చక్ జవాబిచ్చాడు.

అబద్ధమే సహించలేనివాడిగా పేరున్న చక్ ఆడిన ఆ అబద్ధానికి ఏ చట్టం కిందా శిక్ష లేదు, దాన్ని పట్టుకునేవాడూ లేడు. నా దృష్టిలో ఆరు సీజన్ల శత్రుత్వానికీ తాళంచెవి అక్కడే ఉంది. ఇంట్లో ప్రేమ తమ్ముడికే పోతుందని చిన్ననాడే అర్థమైన పెద్ద కొడుకు, తమ్ముడు రాలేని ఒక చోటు తనకంటూ ఉండాలని వెతుక్కున్నాడు. అదే చట్టం. జిమ్మీ లాయరైన రోజున ఆ ఒక్క చోటూ పోయింది. కనుక చక్ చట్టం పవిత్రమని చెప్పిన మాట అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు.

చక్ జబ్బు నిజమైనదేనా, నటనా?

నటన కాదు. విద్యుత్తు తన ఒంటిని కాలుస్తుందని చక్ మనసారా నమ్ముతాడు, నొప్పి కూడా నిజంగానే పడతాడు. కారణం మాత్రం కరెంటు కాదు, మనసు. మూడో సీజన్ ఐదో ఎపిసోడ్లో, 2017 మే నెలలో వచ్చిన బార్ విచారణలో, అంటే జిమ్మీ లైసెన్సు మీద న్యాయవాదుల సంఘం జరిపిన విచారణలో, జిమ్మీ దీన్ని అందరి ముందూ నిరూపించాడు. హ్యుయెల్ అనే జేబుదొంగ చేత చక్ కోటు జేబులో సెల్‌ఫోన్ బ్యాటరీ పెట్టించి, దాన్ని అతను గంటా 43 నిమిషాలు ఏ నొప్పీ లేకుండా మోశాడని బయటపెట్టాడు. ఆ దెబ్బకు చక్ అదుపు తప్పి, తొమ్మిదేళ్ళ వయసునాటి దొంగతనాల దగ్గర్నుంచి తమ్ముడి తప్పులన్నీ అరిచి చెప్పాడు. అతని మాజీ భార్య రెబెకా ఆ గదిలో కూర్చుని చూస్తూనే ఉంది. ఆమెను అక్కడికి రప్పించినవాడూ జిమ్మీయే. గెలవడానికి అది తెలివైన ఎత్తు కావచ్చు, అన్నకు చేయదగిన పని మాత్రం కాదు. ఇక్కడ నా పక్షపాతం నాకు అక్కరకు రాదు.

విచారణ తరువాత ఎవరు ఏమి పోగొట్టుకున్నారు?

జిమ్మీ లైసెన్సును ఒక ఏడాది పాటు నిలిపివేశారు. శిక్ష అంతటితో సరిపోయేది, అతడు ఊరుకుని ఉంటే. లాయర్ల వృత్తి బీమాకు కట్టిన సొమ్ము వెనక్కి ఇమ్మని అడగడానికి వెళ్ళిన జిమ్మీ, అది కుదరదనగానే కన్నీళ్ళు పెట్టుకుని, తన అన్న మానసిక స్థితి గురించి నోరు జారినట్టు నటించి అంతా చెప్పేశాడు. బయటికి నడుస్తున్నప్పుడు అతని ముఖం మీది కన్నీటి తడి ఆరకముందే ఏడుపు మాయమైపోవడం కెమెరా చూపిస్తుంది. బీమా కంపెనీ చక్ న్యాయవాద సంస్థ మొత్తానికీ ప్రీమియం పెంచింది. హోవర్డ్ చక్‌ను పదవీ విరమణ చేయమన్నాడు. చక్ భాగస్వామ్యపు సొమ్మంతా ఒక్కసారి ఇమ్మని దావా వేస్తానన్నాడు. ఆ సీజన్ ముగింపు ఎపిసోడ్లో హోవర్డ్ సొంత డబ్బు నుంచి తొలి వాయిదా చెక్కు చక్ చేతికిచ్చి, ఉద్యోగులందరి చప్పట్ల మధ్య అతణ్ణి సాగనంపాడు. చప్పట్లతో ఒక మనిషిని గెంటేయవచ్చని ఆ సన్నివేశం చూసేదాకా నాకు తట్టలేదు.

«లాంటర్న్» ముగింపు ఎపిసోడ్లో జిమ్మీ అన్న ఇంటికి ఎందుకు వెళ్ళాడు?

2017 జూన్ 19న వచ్చిన ఆ ఎపిసోడ్ గురించి ఎక్కువమంది అడిగేది ఈ ప్రశ్ననే. అతడు డబ్బు కోసం వెళ్ళలేదు, అన్న సంతకం కావలసిన కాగితమూ లేదు. పని ఒత్తిడితో నిద్రలేక కారు నడిపిన కిమ్ ప్రమాదంలో చెయ్యి విరగ్గొట్టుకుంది; ఆ భయంలో తాను ఎంతమందిని నలిపేశాడో జిమ్మీకి ఒక్కసారి కళ్ళ ముందు తిరిగింది. జరిగినదానికి బాధపడుతున్నానని చెప్పడానికి వెళ్ళాడు. కానీ మాటలో మాటగా, తప్పు నా ఒక్కడిదే కాదు, నీదీ ఉంది అన్న అర్థం కూడా అతను కలపకుండా ఉండలేకపోయాడు. క్షమాపణ అడగడానికి వెళ్ళి లెక్క సగం సగం చేద్దామనడం తమ్ముళ్ళకే సాధ్యం. నాకు ఆ విద్య బాగా తెలుసు.

ఇల్లు ఆ రోజు వెలుగుతో నిండి ఉంది. లైట్లు వేసి ఉన్నాయి, సంగీతం వినిపిస్తోంది, చక్ శుభ్రమైన దుస్తుల్లో ఆరోగ్యంగా కనిపించాడు. అతడు ఎంతో నెమ్మదిగా, మంచి మాటలు చెబుతున్నట్టే మాట్లాడాడు. నువ్వు మనుషుల్ని గాయపరుస్తావు, తరువాత పశ్చాత్తాపపడతావు, మళ్ళీ గాయపరుస్తావు. మారనప్పుడు ఈ పశ్చాత్తాపపు తంతు దేనికి, అది మానేస్తే నీ మీద నాకు కాస్త గౌరవమైనా మిగులుతుంది అన్నాడు. మన సామెతల్లో అతని సిద్ధాంతం అక్షరాలా ఉంది: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. చివరికి, నొప్పించాలని కాదు గానీ నువ్వు నాకెప్పుడూ అంత లెక్కలోకి రాలేదని అన్నాడు. జిమ్మీ జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోవడం అదే కడసారి.

చక్ ఆ మాట నిజంగానే అన్నాడా?

అబద్ధం. ఇది నా తీర్పు, మా న్యాయవాదిగారు ఒప్పుకోరు. ఆవిడ లెక్కలో చక్ జీవితంలో మొదటిసారి నిజాయితీగా మాట్లాడింది అప్పుడే. నేను చూపించే సాక్ష్యం ఆ ఎపిసోడ్ మొదట్లోనే ఉంది. పెరట్లో వేసిన గుడారంలో కుర్ర చక్ లాంతరు వెలుగులో పసి జిమ్మీకి కథల పుస్తకం చదివి వినిపిస్తుంటాడు. గొంతులో విసుగు లేదు. తమ్ముడు అడ్డం వచ్చి ప్రశ్నలు అడిగితే ఆగి జవాబు చెబుతాడు. కెమెరా మెల్లగా లాంతరు మీదికి వస్తుంది. ఆ బొమ్మతో మొదలైన ఎపిసోడ్, అదే రకం లాంతరుతో ముగుస్తుంది.

అంతకంటే ముఖ్యమైనది ఆ సీజన్ తొలి ఎపిసోడ్. జిమ్మీ అన్న గదిలో గోడలకు అంటించిన రేకు దుప్పట్లు ఊడదీస్తూ, అలమారలో అదే పుస్తకాన్ని చూశాడు. దాన్ని అన్న తనకు చదివి వినిపించిన రోజులు గుర్తు చేస్తే చక్ కూడా కాసేపు కరిగి, చిన్ననాటి సంగతులు చెప్పసాగాడు. ఆ వెంటనే ముఖం గట్టిపడింది. నువ్వు చేసింది మరిచిపోతాననుకోకు, దీనికి మూల్యం చెల్లిస్తావు అన్నాడు. అంటే ఆప్యాయత వచ్చినప్పుడల్లా చక్ దాన్ని చేత్తో నొక్కి లోపలికి తోసేస్తాడు. లెక్కలోకి రానివాడి కోసం ఎవరూ నాలుగు దశాబ్దాలు పుస్తకం దాచుకోరు, రహస్యంగా మాటలు రికార్డు చేయరు, వాడి లైసెన్సు రద్దు చేయించడానికి తన పరువును బార్ విచారణ దాకా పణంగా పెట్టరు. చక్ బతుకులో జిమ్మీ ఒక్కడే లెక్కలో ఉన్నాడని నేను అంటాను. ఆ మాట అనడం వల్ల అతనికి కలిగిన నష్టం ఆ రాత్రే మొదలైంది.

ఇంట్లో అన్నీ కట్టేసినా ఆ కరెంటు మీటరు ఎందుకు తిరుగుతోంది?

కథ సూటిగా చెప్పదు. జిమ్మీ వెళ్ళిపోయాక చక్ జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఫ్యూజులు తీసేశాడు, దీపాలు ఊడదీశాడు, బయటికి వెళ్ళి మీటరు చూస్తే దాని చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఎక్కడో ఒక తీగ ప్రాణంతో ఉన్నదని గోడలు పగలగొట్టుకుంటూ వెతికాడు, చివరికి మీటరునే బద్దలు కొట్టాడు. వైరింగు తెలిసినవారు ఎన్ని కారణాలైనా చెప్పవచ్చు. నాకు మాత్రం అతను పెకలించాలని చూసిన తీగ గోడలో లేదనిపిస్తుంది.

ఒక చిన్న సంగతి. మేము ఆ సన్నివేశం చూస్తుండగా మా వీధిలో కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద టీవీ ఒక్కటే నడుస్తోంది, మిగతా ఇల్లంతా చీకటి. మాలో ఒకరు సిగరెట్టు కోసం కిందికి దిగి, మెట్ల కింద వరసగా బిగించిన పన్నెండు మీటర్ల వంక టార్చి వేసి చూసి వచ్చి, మన వాటిలో చక్రాలు లేవురా, అన్నీ అంకెలే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అగ్ని ప్రమాదమా, ఆత్మహత్యా?

సిరీస్ ఈ విషయాన్ని దాచలేదు. శిథిలమైన గదిలో కాగితాల గుట్టల మధ్య కూర్చున్న చక్, లాంతరు పెట్టిన బల్లను కాలితో మెల్లగా, మళ్ళీ మళ్ళీ తన్నుతాడు. లాంతరు పడుతుంది. దృశ్యం ఇంటి బయటికి వెళ్ళిపోతుంది, కిటికీలో మంట కనబడుతుంది. నాలుగో సీజన్ మొదట్లో హోవర్డ్, చివరి ఎపిసోడ్లో స్వయంగా జిమ్మీ, అది ఆత్మహత్యే అని అంటారు. ఆ ఘట్టం వద్ద కలత చెందేవారు దాన్ని ఒంటరిగా చూడకపోవడం మంచిదని నా సలహా.

అదే ఎపిసోడ్లో ఐరీన్ అనే వృద్ధురాలి కథ దేనికి?

తాను చెడగొట్టినదాన్ని జిమ్మీ ఒక్కసారి సరిచేశాడని చూపడానికి. శాండ్‌పైపర్ వృద్ధాశ్రమాల దావాలో తన వాటా త్వరగా రావాలని, రాజీకి ఒప్పుకోని ఐరీన్ మీద ఆమె స్నేహితురాళ్ళందరూ అనుమానపడేలా జిమ్మీ పన్నాగం పన్నాడు. ముగింపులో, మైకు ఆన్‌లో ఉందన్న సంగతి తెలియనట్టు నటిస్తూ తన కుట్రంతా తానే బయటపెట్టి, వాళ్ళ అసహ్యాన్ని తన మీదికి మళ్ళించుకున్నాడు. దానితో అతనికి రావలసిన పెద్ద మొత్తం దూరమైంది. అంటే, మారలేవని చక్ తేల్చి చెప్పిన ఆ ఎపిసోడ్లోనే జిమ్మీ మారాడు. అయితే మారడానికి కూడా అబద్ధమే సాధనం చేసుకున్నాడు. చక్ ఇది చూసి ఉంటే, చూశారా నేను చెప్పలేదా అని ఉండేవాడు.

వాలి సుగ్రీవులతో పోల్చవచ్చా?

పోల్చవచ్చు, ఒక హద్దు వరకు. గుహ లోపల అన్న చనిపోయాడని నమ్మి సుగ్రీవుడు గుహ ద్వారానికి బండరాయి అడ్డం పెట్టాడు. తిరిగొచ్చిన వాలి సంజాయిషీ వినకుండా తమ్ముణ్ణి కట్టుబట్టలతో వెళ్ళగొట్టాడు. జరిగిన పనిని బట్టి మనసును తేల్చేసే ఆ తొందర చక్‌లోనూ ఉంది. అయితే వాలి వాస్తవం విషయంలోనే పొరబడ్డాడు. చక్ వాస్తవాల్లో ఎన్నడూ పొరబడలేదు. అంకెలు మార్చింది జిమ్మీయే, లంచమిచ్చింది జిమ్మీయే, అతను అనుమానించిన ప్రతిదీ రుజువైంది. అంత కచ్చితంగా తెలిసి ఉండి కూడా తమ్ముడెవరో తెలియకపోవడమే అతని విషాదం.

చివరి క్షణాలు పోల్చి చూస్తే మరీ తేడా. ప్రాణం పోతున్న వాలి తన మెడలోని బంగారు మాల తీసి తమ్ముడికిచ్చి, అంగదుణ్ణి అతని చేతిలో పెట్టాడు. చక్ వీలునామాలో జిమ్మీకి 5,000 డాలర్లు, ఒక ఉత్తరం మిగిల్చాడు. అంత చిన్న మొత్తం ఎందుకంటే, ఏమీ రాయకపోతే తమ్ముడు కోర్టుకెక్కవచ్చన్న లాయరు జాగ్రత్త.

చక్ చనిపోతే జిమ్మీ ఏడవలేదేం?

ఏడవలేక కాదు, అన్న ఇచ్చిన సలహా అలా పాటించాడు. పశ్చాత్తాపం మానేయమని చక్ చెప్పాడు కదా. నాలుగో సీజన్ తొలి ఎపిసోడ్లో, చక్‌ను తాను గెంటేయడమే అతని ప్రాణం తీసిందేమోనని హోవర్డ్ కన్నీళ్ళతో వచ్చి చెప్పుకున్నప్పుడు, బీమా సంగతి తన పనే అని తెలిసిన జిమ్మీ, ఆ భారం నువ్వే మోసుకోవాలిలే అని లేచి, కూనిరాగం తీస్తూ చేపలకు మేత వేశాడు. సిరీస్ మొత్తంలో నాకు ఒళ్ళు గగుర్పొడిచిన చోటు అదే. ఒక మనిషి నేరం మోయలేక దాన్ని పక్కవాడి నెత్తిన పెట్టి ఈలవేసుకుంటూ వెళ్ళిపోతే, ఆ ఈల చావు కంటే భయంగా వినిపిస్తుంది.

నాలుగో సీజన్ చివర బార్ ముందు అతను చేసిన ప్రసంగం నటనా?

2018 అక్టోబరులో వచ్చిన ఆ ముగింపులో జిమ్మీ లైసెన్సు కోసం రెండోసారి హాజరయ్యాడు. అన్న రాసిన ఉత్తరం చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, తన మాటల్లో అన్న గురించి చెప్పాడు. అన్నతో సమానం కాలేనని, అయినా ఆ పేరుకు తగినట్టు ఉండాలని ప్రయత్నిస్తానని గద్గదంగా పలికితే కమిటీ కరిగిపోయింది, కిమ్ కళ్ళు తుడుచుకుంది. బయటికి రాగానే ఎలా పడేశానో చూశావా అని గంతులేసి, ఇక మీదట తాను మెక్‌గిల్ పేరుతో ప్రాక్టీసు చేయనన్నాడు. కిమ్ ముఖం పాలిపోయింది.

ప్రసంగమంతా నటనే అని మా గదిలో నలుగురు అన్నారు. ఆ ఎపిసోడ్లోనే కొన్ని నిమిషాల ముందు వచ్చిన మరో సన్నివేశాన్ని వాళ్ళు మరిచిపోయారు. చక్ పేరు మీది స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకున్న ఒక అమ్మాయిని, చిన్నప్పుడు దుకాణంలో దొంగతనం చేసి పట్టుబడిందన్న కారణంతో కమిటీ కాదన్నది. ఆమెకు ఓటు వేసినవాడు జిమ్మీ ఒక్కడే. బయట ఆమె వెంటపడి, వాళ్ళు నిన్ను ఎన్నటికీ లోపలికి రానివ్వరు, నీ తప్పు ఎన్నటికీ మరవరు అని ఆవేశంగా చెప్పి, తరువాత స్టార్టు కాని కారులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్కడ చూసేవాడు ఎవడూ లేడు. ఒక ఏడాదిగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కనుక ప్రసంగంలో వాడిన బాధ నిజమైనదే, దాన్ని సరుకుగా అమ్మడం మాత్రం నటన.

ఇదే కథ మన దగ్గర జరిగి ఉంటే?

మా న్యాయవాదిగారి జవాబు రెండు ముక్కల్లో: కథే ఉండేది కాదు. దూరవిద్యలో చదివిన న్యాయపట్టాను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించదు, కనుక జిమ్మీ ఎన్‌రోల్ కాలేడు. అయినా టీవీ ప్రకటనలూ హోర్డింగులూ పెట్టిన మరునాడే, లాయర్లు ప్రకటనలు చేసుకోకూడదనే బార్ కౌన్సిల్ 36వ నిబంధన కింద నోటీసు వచ్చేది. వృత్తి దుష్ప్రవర్తన మీద రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ సంఘం 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షను కింద విచారించి, మందలించనూ వచ్చు, కొంతకాలం నిలిపివేయనూ వచ్చు, పేరే తీసివేయనూ వచ్చు. చక్ వంటి అన్నలకు మాత్రం ఇక్కడా కొరత లేదని ఆవిడే కలిపారు.

తప్పంతా జిమ్మీది అయినప్పుడు చక్‌ను ఎందుకు నిందించాలి?

నిందించనక్కరలేదు, రెండోసారి చూస్తే చాలు. మొదటిసారి చూసినప్పుడు ఆరుగురిలో ఐదుగురం చక్‌ను తిట్టాము. రెండేళ్ళ తరువాత మళ్ళీ చూసినప్పుడు, అతను జిమ్మీ గురించి చెప్పిన జోస్యాల్లో తప్పినది దాదాపు లేదని ఒప్పుకోవలసి వచ్చింది. హోవర్డ్ చావు దాకా, ఆపైన మత్తుమందుల ముఠాల దాకా జిమ్మీ వెళ్ళాడు. అయితే జోస్యం చెప్పినవాడే దారి కూడా వేశాడేమో అన్న అనుమానం నన్ను వదలదు. ఇంట్లో ఒకరిని చిన్నప్పటి నుంచి వీడింతే, వీడింతే అని పిలిస్తే, ఏదో ఒకనాడు వాడు ఆ పేరు బోర్డు రాయించుకుని దుకాణం తెరుస్తాడు. జిమ్మీ తెరిచిన దుకాణం పేరు సాల్ గుడ్‌మన్.

చివరికి ఎవరు నెగ్గారు?

2022 ఆగస్టు 15న వచ్చిన ఆఖరి ఎపిసోడ్లో జిమ్మీ తన వాక్చాతుర్యంతో ఏడేళ్ళ శిక్షకు ప్రభుత్వాన్ని ఒప్పించుకున్నాడు. ఆ తరువాత కిమ్ కూర్చుని ఉన్న కోర్టులో లేచి, అడగని నేరాలన్నీ ఒప్పుకుని ఆ శిక్షను 86 ఏళ్ళు చేసుకున్నాడు. ఆ ఒప్పుకోలులో చక్ బీమా సంగతి కూడా చెప్పాడు. అది అసలు నేరమే కాదని అతని లాయరు చెవిలో అన్నాడు. అవును, నేరమే అని జిమ్మీ జవాబు. జడ్జి గుడ్‌మన్ అని పిలిస్తే, తన పేరు మెక్‌గిల్ అని సరిచేశాడు.

అదే ఎపిసోడ్లో ఒక పాత రోజు కూడా ఉంది. జిమ్మీ ఐసూ సరుకులూ తెచ్చి పెట్టి వెళ్ళబోతుంటే చక్ కాసేపు కూర్చోమన్నాడు, నీ కక్షిదారుల గురించి చెప్పమన్నాడు. మళ్ళీ తప్పులు వెతుకుతాడని జిమ్మీ నిలబడలేదు. నడుస్తున్న దారి నచ్చకపోతే వెనక్కి వచ్చి మార్చుకోవడంలో సిగ్గేమీ లేదని చక్ అన్నాడు. నువ్వెప్పుడు మార్చుకున్నావని జిమ్మీ అడిగాడు. మనం ఎప్పుడూ ఇదే మాట దగ్గరికి వస్తామని చక్ గొణుక్కున్నాడు. తమ్ముడు వెళ్ళిపోయాక అతను వంటింటి బల్ల మీది పుస్తకం ఒక చేత్తో, లాంతరు మరో చేత్తో తీసుకుని లోపలి గదిలోకి నడిచాడు.